ఒప్పందం హద్దులు, ప్రాంతం హద్దులు

అందరికీ నమస్కారం.

నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం పెద్దది. ఒక ప్రాంతం సుస్థిరంగా ఎదగాలంటే ప్రభుత్వ, ప్రైవేటు రంగాలు ఎలా కలిసి పని చేయాలి అన్నది. ఇందులో కాదనడానికి ఎవరికీ ఏమీ ఉండదు. అందుకే ఇలాంటి సభల్లో అందరం తలలూపి, ఫొటో దిగి వెళ్లిపోతుంటాం. ఈ పూట అలా జరగకూడదనుకుంటే ముందు ఒక ఊరి సంగతి చెప్పుకోవాలి. తమిళనాడులోని తిరుప్పూర్.

తిరుప్పూర్ పేరు చెప్పగానే బనియన్లు, టీషర్టులు గుర్తుకొస్తాయి. మన దేశం ఎగుమతి చేసే ఈ రకం దుస్తుల్లో పెద్ద వాటా ఆ పట్టణానిదే. బట్టకు రంగు వేయాలంటే చాలా నీళ్లు కావాలి. ఆ ప్రాంతంలో వర్షాలు తక్కువ, బోరు నీళ్లు పాడైపోయాయి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ట్యాంకర్లతో నీళ్లు తోలుకుంటూ పరిశ్రమ నడిచేది. ఒకరోజు ట్యాంకర్లు ఆగితే ఆ రోజు రంగు వేయడం ఆగేది. 1990లలో రాష్ట్ర ప్రభుత్వం, ఎగుమతిదారుల సంఘం, మౌలిక వసతులకు డబ్బు సమకూర్చే ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ సంస్థ కలిసి ఒక కంపెనీ పెట్టాయి. కావేరి నీళ్లను పైపుల్లో తెచ్చి పరిశ్రమలకు, పట్టణానికి, దారిలోని పల్లెలకు ఇవ్వాలన్నది ఆలోచన. ఖర్చు 1,000 కోట్ల రూపాయలు దాటింది. 2005లో నీళ్లు వచ్చాయి. రోజుకు 18.5 కోట్ల లీటర్ల సామర్థ్యం.

కాగితం మీద ఇంతకంటే చక్కని భాగస్వామ్యం దొరకదు. పరిశ్రమలు ఎక్కువ ధర చెల్లిస్తాయి, ఇళ్లకూ పల్లెలకూ తక్కువ ధరకు నీళ్లు అందుతాయి. వాడుకునే వాళ్లే కంపెనీలో వాటాదారులు. ప్రభుత్వం భాగస్వామి కాబట్టి భూమి, అనుమతులు వెనకబడవు. నీటి రంగంలో దేశంలోనే మొదటి పెద్ద పీపీపీ, అంటే ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం అని దీన్ని ఎన్నో వేదికల మీద చెప్పుకున్నారు.

మరి ఆ నీళ్లు రంగు తొట్టెల్లోంచి బయటికి వచ్చాక ఎక్కడికి వెళ్తాయి? నొయ్యల్ నదిలోకి. నొయ్యల్ కావేరికి ఉపనది. దాని మీద పంటల కోసమని కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్ట రంగునీళ్ల చెరువుగా మారిపోయింది. సేద్యానికి కట్టిన జలాశయం నుంచి నీళ్లు వదలొద్దని రైతులే మొత్తుకోవలసి వచ్చింది. అంతకంటే ఘోరం ఏముంటుంది? రంగునీటిని శుద్ధి చేసే బాధ్యత సరఫరా కంపెనీది కాదు. డైయింగ్ యూనిట్లు కలిసి పెట్టుకున్న ఉమ్మడి శుద్ధి కేంద్రాలది. వాటి పని ఎలా ఉందో నది చూస్తే తెలిసేది. దిగువ ఆయకట్టు రైతులు కోర్టుకు వెళ్లారు. ఒక్క చుక్క వ్యర్థజలం కూడా బయటికి రాకూడదని 2006లోనే మద్రాసు హైకోర్టు చెప్పింది. గడువులు ఇచ్చారు, పొడిగించారు. చివరికి 2011 జనవరిలో వందల సంఖ్యలో డైయింగ్, బ్లీచింగ్ యూనిట్లను మూసేయాలని హైకోర్టు ఆదేశించింది.

యూనిట్లు మూతపడితే నీళ్లు కొనేదెవరు? పైపులు బాగున్నాయి, పంపులు బాగున్నాయి, కావేరిలో నీళ్లున్నాయి. కొనేవాళ్లు లేరు. ఎక్కువ ధర చెల్లించే పరిశ్రమ మీదే లెక్కంతా నిలబెట్టారు కాబట్టి నీటి కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది. ఉత్తర్వు వెలువడింది రంగు యూనిట్ల మీద. అప్పు పడింది మాత్రం నీళ్ల ప్రాజెక్టు మీద.

నేను ఈ ఊరి సంగతి ఇంత విడమరచి చెప్పడానికి కారణం ఉంది. మన భాగస్వామ్యాలు ఎక్కువగా ప్రాజెక్టు హద్దుల్లో ఆలోచిస్తాయి. ప్రాంతం ఆ హద్దుల్లో బతకదు. తెచ్చే నీళ్లకు ఒప్పందం ఉంది, విడిచే నీళ్లకు వేరే లెక్క. పైన పరిశ్రమ ఒప్పందంలో ఉంది, కింద రైతు లేడు. లేని రైతే చివరికి ఒప్పందం తలరాత మార్చాడు. కోర్టు ఉత్తర్వు వల్ల నష్టం వచ్చిందని అప్పట్లో చాలామంది అన్నారు. నా లెక్కలో అది సరి కాదు. నష్టం మొదటి నుంచీ ఉంది. రైతు పొలంలో ఉన్నంతకాలం బ్యాలెన్స్ షీటులో కనిపించలేదు, అంతే.

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. తమిళనాడు ప్రభుత్వం శుద్ధి కేంద్రాలకు 200 కోట్ల రూపాయల వడ్డీలేని రుణం ఇచ్చింది. పరిశ్రమ తన వంతు పెట్టుబడి పెట్టింది. నీటిని సన్నని పొర గుండా వడకట్టే రివర్స్ ఆస్మాసిస్ యంత్రాలు, నీటిని ఆవిరి చేసే యంత్రాలు వచ్చాయి. వాడిన నీళ్లలో ఎక్కువ భాగాన్ని శుద్ధి చేసి మళ్లీ వాడుకోవడం నేర్చుకున్నారు. అంటే ప్రభుత్వమూ ప్రైవేటూ కలవలసిన అసలు చోటు పైపు రెండో చివర అన్నమాట. అక్కడికి వెళ్లడానికి కోర్టు నెట్టవలసి వచ్చింది. వాడిన నీళ్లే తిరిగి వాడుకుంటున్నప్పుడు కొత్త నీళ్ల అవసరం తగ్గుతుంది. మొదట వేసుకున్న గిరాకీ అంచనా ఆ విధంగానూ తప్పుతుంది. రెండు చివరలనూ ఒకేసారి లెక్క వేసుకుని ఉంటే బహుశా అంత పెద్ద పైపు అక్కర్లేకపోయేది.

ఇప్పుడు డబ్బు సంగతికి వస్తాను. ఖజానాలో డబ్బు లేదు కాబట్టి ప్రైవేటు వారిని పిలుద్దాం అనే మాట తరచూ వింటుంటాం. పిలవడానికి అదొక్కటే కారణమైతే పిలవకపోవడమే మేలు. ప్రైవేటు సంస్థ తెచ్చేది కూడా అప్పే, వాటాధనమే. ప్రభుత్వం తెచ్చే అప్పు కంటే దానికి వడ్డీ సాధారణంగా ఎక్కువే ఉంటుంది. దాన్ని తీర్చేది ఇద్దరే: వాడుకునేవాళ్లు, పన్ను కట్టేవాళ్లు. మూడో మనిషి లేడు. ఎక్కువ వడ్డీ కట్టినా గిట్టుబాటు కావాలంటే ప్రైవేటు సంస్థ ఇంకేదో తేవాలి. వేగం, నైపుణ్యం, నిర్వహణలో పొదుపు, నష్టభయాన్ని మోయగల సత్తా. ఇవి వస్తున్నాయా లేదా అని చూడకుండా, బడ్జెట్ పుస్తకంలో కనిపించకుండా రోడ్డు వేశామని సంతోషపడటం తప్పించుకునే పద్ధతి. బ్రిటన్ 1992లో ప్రైవేటు డబ్బుతో కట్టించి ఏళ్ల తరబడి చెల్లించే ప్రైవేట్ ఫైనాన్స్ ఇనిషియేటివ్ మొదలుపెట్టి ఆసుపత్రులు, బడులు, జైళ్లు ఆ దారిలో కట్టింది. 2018లో కొత్తవి ఇక ఉండవని ప్రకటించింది. అదే ఏడాది జనవరిలో కారిలియన్ అనే పెద్ద నిర్మాణ సంస్థ దివాలా తీసింది. లివర్‌పూల్‌లో ఒకటి, బర్మింగ్‌హామ్ దగ్గర ఒకటి, కడుతున్న ఆసుపత్రులు రెండు సగంలో ఆగిపోయాయి. వాటిని పూర్తి చేయించే భారం ప్రభుత్వం మీదే పడింది. ఒకటి 2022లో తెరిచారు, రెండోది 2024లో. నష్టభయాన్ని కాగితం మీద అవతలి వారికి బదిలీ చేయవచ్చు. రోగి మాత్రం ప్రభుత్వాన్నే అడుగుతాడు.

ఇక నష్టభయమే లేని ఒప్పందం ఎలా ఉంటుందో చూడాలంటే ఢిల్లీ, నోయిడాల మధ్య డీఎన్‌డీ వంతెన ఉంది. 2001లో తెరిచారు. 400 కోట్ల రూపాయలకు కాస్త పైగా ఖర్చయింది. ప్రాజెక్టు ఖర్చు మీద ఏడాదికి 20 శాతం రాబడి వచ్చేదాకా టోల్ వసూలు చేసుకోవచ్చని ఒప్పందంలో రాశారు. ఏ ఏడాదైనా తగ్గితే ఆ తగ్గింది ఖర్చులో కలుస్తుంది, దాని మీద మళ్లీ 20 శాతం. ఇక్కడ లెక్కలు తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు, ఒక్క నిమిషం వేసి చూడండి. 20 శాతం చొప్పున పెరిగే బాకీ నాలుగేళ్లలో రెట్టింపు దాటుతుంది. ఇరవై ఏళ్లలో 38 రెట్లు. ఎన్ని కార్లు తిరిగినా ఆ బాకీ తీరదు. తీరదు కాబట్టి టోల్ కూడా ఆగదు. 2016 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు టోల్ ఆపించింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది.

కంపెనీల తరఫున వచ్చినవాళ్లు దీన్ని ప్రజల గెలుపు కథగా మాత్రమే చూసి బాధపడకండి. మీకు కూడా ఇందులో ఒక సంగతి ఉంది. అతిగా లాభం ఇచ్చే ఒప్పందం మీకు రక్షణ కాదు. అది ఎప్పుడో ఒకప్పుడు కోర్టు ముందుకో, ఎన్నికల సభ ముందుకో వస్తుంది. ఆ రోజు సంతకాలు చూపిస్తే చాలదు.

దీనికి సరిగ్గా ఎదురు కొసన మెక్సికో ఉంది. 1980ల చివర, 1990ల మొదట్లో అక్కడ వేల కిలోమీటర్ల టోల్ రోడ్లు ప్రైవేటుకు ఇచ్చారు. ఎవరు తక్కువ కాలంలో రోడ్డు తిరిగి అప్పగిస్తామంటే వారికి. వినడానికి బాగుంది. తక్కువ కాలంలో రాబట్టుకోవాలంటే టోల్ ఎక్కువ పెట్టాలి. ఎక్కువ పెడితే లారీలు పాత రోడ్డునే పోతాయి. అదే జరిగింది. దాని మీద 1994 డిసెంబరు నాటి పెసో సంక్షోభం. 1997లో ప్రభుత్వం ఇరవైకి పైగా ఒప్పందాలను వెనక్కి తీసుకుని అప్పులు నెత్తిన వేసుకుంది. చిలీ దీన్ని చూసి వేరే దారి పట్టింది. 1998లో శాంటియాగో నుంచి వాల్పరైసో వెళ్లే రహదారికి టెండరు పిలిచినప్పుడు గడువు చెప్పలేదు. రాబోయే ఏళ్ల టోల్‌ను ఈనాటి విలువలో లెక్క వేస్తే మొత్తం ఎంత రాబడి వస్తే చాలు అని అడిగింది. తక్కువ అడిగిన వారికి ఇచ్చింది. ఆ మొత్తం రాగానే ఒప్పందం ముగుస్తుంది. వాహనాలు ఎక్కువ తిరిగితే త్వరగా, తక్కువ తిరిగితే ఆలస్యంగా. వాహనాల సంఖ్య కంపెనీ చేతిలో ఉండదు కదా, ఆ నష్టభయం దాని మీద పెట్టడం ఎందుకు అన్నది ఇందులో తర్కం. మన దేశంలో జాతీయ రహదారులకు 2016లో తెచ్చిన హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలోనూ ఇదే ఆలోచన ఉంది. నిర్మాణ సమయంలో 40 శాతం ప్రభుత్వం ఇస్తుంది, మిగతాది తెరిచాక ఏళ్ల తరబడి వాయిదాల్లో చెల్లిస్తుంది. టోల్ తగ్గితే ఆ నష్టం ప్రభుత్వానిదే. కంపెనీ చూసుకోవలసింది రోడ్డు నాణ్యత.

గడువు సంగతి వచ్చింది కాబట్టి షికాగో గురించి రెండు మాటలు. 2008లో ఆ నగరం వీధుల్లో కార్లు నిలిపే మీటర్లను 75 ఏళ్లకు ఒక ప్రైవేటు కంపెనీకి 115 కోట్ల డాలర్లకు రాసిచ్చింది. ప్రకటించిన కొద్ది రోజుల్లోనే కౌన్సిల్ ఆమోదించింది. దాదాపు 100 కోట్ల డాలర్లు తక్కువకు ఇచ్చేశారని నగర ఇన్‌స్పెక్టర్ జనరల్ మరుసటి ఏడాది తేల్చారు. డబ్బు నష్టం కంటే నాకు పెద్దదిగా కనిపించేది వేరే. ఏదైనా వీధిలో పార్కింగ్ తీసేసి బస్సులకో సైకిళ్లకో దారి వేయాలంటే నగరం ఆ కంపెనీకి పరిహారం కట్టాలి. 75 ఏళ్లంటే మూడు తరాలు. ఇంకా పుట్టని పౌరులు తమ వీధిని ఎలా వాడుకోవాలో ఒక వారంలో నిర్ణయమైపోయింది. సుస్థిరత గురించి ఎన్ని పత్రాలు రాసినా, మనసు మార్చుకునే హక్కును అమ్ముకున్న నగరానికి అవి ఉపయోగపడవు.

సరే, బాగా జరిగినవి లేవా? ఉన్నాయి. అవి కాస్త నెమ్మదిగా, పెద్ద హంగామా లేకుండా జరిగాయి. డెన్మార్క్‌లో కలున్‌బోర్గ్ అనే చిన్న రేవు పట్టణం ఉంది. అక్కడి చమురు శుద్ధి కర్మాగారానికి నీళ్లు కావలసి వచ్చినప్పుడు, భూగర్భజలం తోడకుండా టిస్సో సరస్సు నుంచి తెచ్చుకోవాలనుకున్నారు. పైపు వేసే బాధ్యత పురపాలక సంఘానిది, డబ్బు కర్మాగారానిది. ఇది 1961 నాటి మాట. 1972లో ఆ కర్మాగారంలో వృథాగా మండిపోయే గ్యాసు పక్కనున్న జిప్సం బోర్డుల ఫ్యాక్టరీకి వెళ్లడం మొదలైంది. తర్వాత విద్యుత్ కేంద్రం నుంచి ఆవిరి ఔషధ పరిశ్రమకు, వేడి ఊళ్లోని ఇళ్లకు, పొగను శుద్ధి చేయగా వచ్చిన జిప్సం మళ్లీ ఆ బోర్డుల ఫ్యాక్టరీకి. ఇరవై ముప్పై ఏళ్లలో ఒకదానికొకటి అల్లుకుపోయాయి. విచిత్రమేమిటంటే దీనికి మాస్టర్ ప్లాన్ లేదు. ప్రతిదీ ఇద్దరి మధ్య విడి ఒప్పందం, ఇద్దరికీ గిట్టేది. ఫ్యాక్టరీ మేనేజర్లు, పురపాలక అధికారులు ఒకరికొకరు తెలిసినవాళ్లు. ఎవరి దగ్గర ఏం వృథా అవుతోందో మిగతావాళ్లకు తెలుసు. మన పారిశ్రామికవాడల్లో గోడకు అవతలి ఫ్యాక్టరీ ఏం పారేస్తోందో ఎంతమందికి తెలుసు? చాలాచోట్ల అది వ్యాపార రహస్యం. రాత్రిపూట కాలువలోకి వదిలితే అసలే రహస్యం.

మన దగ్గర కొచ్చి విమానాశ్రయం ఉంది. 1999లో ప్రారంభమైంది. కేరళ ప్రభుత్వంతో పాటు 30 దేశాల్లోని దాదాపు 10 వేల మంది ప్రవాసులు డబ్బు పెట్టారు. ఆ విమానాశ్రయం వాడుకునే కుటుంబాల వాళ్లే వాటాదారులు. 2015లో పూర్తిగా సౌరవిద్యుత్తుతో నడిచే విమానాశ్రయంగా మారింది. 2018లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ పురస్కారం వచ్చింది. ఆ పురస్కారం అందుకోవడానికి నెల ముందే, ఆగస్టు వరదల్లో పెరియార్ నది పొంగి అదే విమానాశ్రయం రెండు వారాలు మూతపడింది. నేను దీన్ని ఎత్తిపొడవడానికి చెప్పడం లేదు. తర్వాత వాళ్లు చేసిన పని నాకు నచ్చింది. ప్రహరీ గోడ ఎత్తు పెంచుకుని ఊరుకోకుండా, చుట్టుపక్కల ఊళ్ల వాగులు, కాలువలు బాగు చేయడానికి కంపెనీ డబ్బు వెచ్చించింది. నీళ్లు గోడను చూసి ఆగవని ఆ వరద నేర్పింది.

ప్రభుత్వ అధికారులతో ఒక మాట. ఇటువంటి ఒప్పందాలు చెడిపోవడానికి దురాశ ఎంత కారణమో, భయం కూడా అంత కారణం. పరిస్థితులు మారినప్పుడు ఒప్పందాన్ని సవరించడం న్యాయమే. కానీ ప్రైవేటు సంస్థకు మేలు జరిగే ఫైలు మీద సంతకం పెడితే పదేళ్ల తర్వాత విచారణ తలుపు తడుతుందేమోనన్న భయం ఉంటుంది. కాబట్టి ఫైలు కదలదు, వివాదం మధ్యవర్తి దగ్గరకు, అక్కడి నుంచి కోర్టుకు పోతుంది. ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ మెట్రో మార్గాన్ని ప్రైవేటు సంస్థ 2013లో వదిలేసి వెళ్లింది. ఆ తగాదా 2024లో గానీ సుప్రీంకోర్టులో తేలలేదు. నిజాయతీతో చేసిన పొరపాటునూ అవినీతినీ వేరుచేసి చూడాలని 2015లో పీపీపీలను సమీక్షించిన విజయ్ కేల్కర్ కమిటీ గట్టిగా చెప్పింది. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని ఆ దిశలో కొంత మార్చారు కూడా. చట్టం మారినంత త్వరగా భయం పోదు. సవరణకు కారణాలు, లెక్కలు అన్నీ ప్రజల ముందు పెట్టి చేస్తే సంతకం చేసిన చేతికి కొంత రక్షణ దొరుకుతుంది. రహస్యంగా చేసిన మంచి పని కూడా అనుమానంగానే కనిపిస్తుంది.

ఇక అప్పగింత. ముప్పై ఏళ్ల ఒప్పందంలో మొదటి మూడేళ్ల గురించి మూడు వందల పేజీలు, చివరి మూడేళ్ల గురించి మూడు పేజీలు ఉంటాయి. కౌలు గడువు ముగిసే ఏడాది పొలానికి పశువుల ఎరువు ఎవరూ తోలరు. అది రైతు చెడ్డతనం కాదు, ఒప్పందం తీరు అలాంటిది. పంపుసెట్లు, రోడ్లు, శుద్ధి కేంద్రాలు అలాగే అరిగిపోయి ప్రభుత్వం చేతికి వస్తాయి. గడువుకు ఐదేళ్ల ముందే ఇరువురూ కలిసి తనిఖీ చేయాలి. మరమ్మతుల ఖర్చును రాబడిలోంచి విడిగా ఒక ఖాతాలో జమ చేయాలి. పని పూర్తయ్యాక మిగిలింది కంపెనీకి తిరిగి ఇవ్వాలి.

ప్రశ్నలకు కొంత సమయం ఉందన్నారు. అడగండి.

ప్రశ్న: చిన్న పురపాలక సంఘాలకు ఇంత నైపుణ్యం ఎక్కడ ఉంటుంది సార్? అవతలి పక్కన పెద్ద పెద్ద లాయర్లు, కన్సల్టెంట్లు ఉంటారు.

మంచి ప్రశ్న. నిజంగానే ఉండదు. గిట్టుబాటు కాని ప్రాజెక్టులో లోటు పూడ్చడానికి వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ పేరుతో కేంద్రం నుంచి గ్రాంటు వస్తుంది, నీళ్లు, వ్యర్థాల వంటి సామాజిక ప్రాజెక్టులకు 2020 నుంచి ఆ వాటా పెంచారు కూడా. డబ్బుకు పథకం ఉంది, చదివి అర్థం చేసుకునే మనుషులకు లేదు. ఒక్కో పట్టణం విడిగా నిపుణులను పెట్టుకోలేదు కాబట్టి ఒకే నదీ పరీవాహకంలోని పట్టణాలన్నీ కలిసి ఒక బృందాన్ని పెట్టుకోవాలి. ఇద్దరు ఇంజనీర్లు, ఒక అకౌంటెంట్, ఒక లాయరు. జీతం ఆ పట్టణాలే ఇవ్వాలి, కంపెనీ ఇచ్చే ఫీజులోంచి కాదు. పరీవాహకం అని ఎందుకు అన్నానంటే, ఎగువ పట్టణం సంతకం చేసే ముందు దిగువ పట్టణం ఆ కాగితం చదివే వీలు ఉండాలి. తిరుప్పూర్‌లో ఎగువ, దిగువ వాళ్లు కలిసి కూర్చునే అలాంటి చోటు ఒకటి ఉండి ఉంటే, దిగువ రైతులు తమ మాట చెప్పుకోవడానికి హైకోర్టు దాకా వెళ్లవలసి వచ్చేది కాదు. ఈ బృందం ముందుగా చేయవలసిన పని కొత్త ఒప్పందం రాయడం కాదు. ఇప్పటికే నడుస్తున్నవి బయటికి తీసి, ఏ గడువు ఎప్పుడు ముగుస్తుందో ఒక పట్టిక వేయడం. చాలా ఆఫీసుల్లో ఆ పట్టిక కూడా లేదు.